లైట్ మెజెంటాలో 17 ఖాళీలు: ఒక ఫోటో ప్రింటర్ కేసు

ప్రింటర్ కంటే ముందు ఫోన్ వచ్చింది. "అన్నా, హెడ్ పోయినట్టుంది. పదకొండు సార్లు హెడ్ క్లీనింగ్ కొట్టాను. కొట్టేకొద్దీ ఇంకా పాడవుతోంది. హెడ్ మార్చడం కంటే ప్రింటరే కొత్తది కొనుక్కోవడం మేలంటారా?"

ఫోటోగ్రాఫర్ గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. హెడ్ అంటే కాగితం మీదికి ఇంకు చిమ్మే భాగం. క్లీనింగ్ అంటే దాని రంధ్రాల్లోంచి (నాజిల్స్) ఇంకుని లాగి శుభ్రం చేసే పని, ప్రింటరే చేసుకుంటుంది. నేను చెప్పింది రెండే ముక్కలు. ఇక క్లీనింగ్ కొట్టొద్దు. ఇప్పటిదాకా తీసిన నాజిల్ చెక్ కాగితాలన్నీ, అంటే ఏ రంధ్రం పని చేస్తోందో చూపే పరీక్ష పేజీలన్నీ, ప్రింటర్‌తో పాటు పట్టుకురండి.

పదకొండు క్లీనింగ్‌లకి మూడు కాగితాలే మిగిలాయి. మిగతావి చెత్తబుట్టలోకి పోయాయి. కానీ ఆ మూడే ఈ కేసులో సగం తేల్చేశాయి.

యంత్రం సంగతి ముందు చెప్తాను. ఎనిమిది రంగుల పిగ్మెంట్ ఇంకు, పీజో హెడ్ (కరెంటుకి వంగే స్ఫటికంతో చుక్కని తోసే రకం), ఒక్కో రంగుకి 180 నాజిల్స్. అంటే మొత్తం 1440 రంధ్రాలు. ఒక్కో రంధ్రం మన వెంట్రుక మందం కంటే సన్నం. 40 రోజులు ఆయన ఊళ్లో లేరు, ప్రింటర్ కదల్లేదు. తిరిగొచ్చి మొదటి పోర్ట్రెయిట్ తీస్తే ముఖం మీద ఆకుపచ్చ ఛాయ, దానికి తోడు కాగితం అడ్డంగా సమాన దూరాల్లో సన్నటి గీతలు.

ఆకుపచ్చ ఛాయ ఎందుకొస్తుందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. చర్మం రంగులో లేత భాగాల్లోని గులాబీ ఛాయని లైట్ మెజెంటా (లేత గులాబీ ఇంకు) మోస్తుంది. అది తగ్గితే మిగిలేది పసుపు, లైట్ సయాన్ (లేత నీలం). ఆ రెండూ కలిస్తే ఆకుపచ్చే. అందుకే ఫోటోలో ముఖాలు ఆకుపచ్చగా వస్తే నేను ప్రొఫైల్ (కాగితానికి తగ్గ రంగుల సెట్టింగ్) జోలికి, మానిటర్ జోలికి వెళ్లను. ముందు నాజిల్ చెక్ తీస్తాను. రంగు తప్పిందని రెండు రోజులు ప్రొఫైల్స్ మారుస్తూ కూర్చుని, చివరికి ఒక రంగు సగం రావడమే లేదని కనుక్కున్నవాళ్లని చాలామందిని చూశాను. వాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను.

కాగితాలు చదవడం

నాజిల్ చెక్‌లో ప్రతి నాజిల్ ఒక చిన్న గీత గీస్తుంది. గీతలు మెట్లలా దిగుతూ వస్తాయి. ఎక్కడ మెట్టు లేదో అక్కడి నాజిల్ పని చెయ్యలేదన్నమాట. ఎన్ని మెట్లు పోయాయో అందరూ లెక్కపెడతారు. ఏ మెట్లు పోయాయన్నది మాత్రం పట్టించుకోరు. అసలు విషయం అక్కడే ఉంటుంది.

మూడు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి లైట్‌కి అడ్డంగా పట్టుకున్నాను. లైట్ మెజెంటాలో 17 ఖాళీలు. మూడు కాగితాల్లోనూ అవే 17, అవే చోట్ల. సయాన్‌లో కథ వేరు. మొదటి కాగితంలో పైన అయిదు ఖాళీలు. రెండోదాంట్లో ఆ అయిదూ నిండిపోయి కింద తొమ్మిది. మూడోదాంట్లో మధ్యలో ఓ గుంపు. పసుపులో కూడా ఒకటీ రెండూ ఇలాగే అటూ ఇటూ తిరుగుతున్నాయి.

చోటు మారని ఖాళీ అంటే ఆ రంధ్రంలో ఇంకు ఎండి కూర్చుంది. చోటు మారే ఖాళీ అంటే రంధ్రం బాగానే ఉంది, దానికి ఇంకు అందట్లేదు, దారిలో గాలి తిరుగుతోంది. ఎండిన ఇంకు ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ ఉండదు కదా. ఈ రెండూ వేర్వేరు జబ్బులు. ఆయన రెండింటికీ ఒకటే మందు పదకొండు డోసులు వేశారు.

క్లీనింగ్ అంటే అసలు జరిగేదేమిటి? పార్కింగ్ దగ్గర, అంటే పని లేనప్పుడు హెడ్ ఆగి ఉండే చోట, హెడ్ కింద ఒక రబ్బరు అంచున్న చిన్న తొట్టి ఉంటుంది. దాన్ని క్యాప్ అంటాం. అది హెడ్‌కి కింద నుంచి గట్టిగా అతుక్కుంటుంది. అడుగున ట్యూబ్, ట్యూబ్ చివర పంప్. పంప్ లాగితే నాజిల్స్‌లోంచి ఇంకు క్యాప్‌లోకి దిగుతుంది. తర్వాత వైపర్ అనే రబ్బరు పట్టీ హెడ్ అడుగుని ఒకసారి తుడుస్తుంది. క్యాప్ సరిగ్గా అతుక్కోకపోతే పంప్ ఇంకుని లాగదు, సందులోంచి గాలిని లాగుతుంది. చిల్లు పడ్డ స్ట్రాతో తాగితే నోట్లోకి ఏమొస్తుందో అదే. పైగా క్యాప్‌లో నిలిచిపోయిన పాత ఇంకు, వైపర్ మీది మురికి ప్రతి క్లీనింగ్‌లోనూ మళ్లీ నాజిల్స్‌కే పూసుకుంటాయి. కొట్టేకొద్దీ పాడవుతోందని ఆయన అన్నది అక్షరాలా నిజం.

నా మొదటి తప్పు

ఇంత ఆలోచించాక కూడా నేను ముందు తప్పుదారే పట్టాను. గోడ స్విచ్ దగ్గర ఆపేసి ఉంటారనుకున్నాను. చాలామంది చేసేదదే. ప్రింటర్ మీది బటన్ నొక్కితే హెడ్ పార్కింగ్‌కి వెళ్లి, క్యాప్ మూసుకుని, అప్పుడు ఆగుతుంది. నేరుగా కరెంటు తీసేస్తే హెడ్ ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది. నాజిల్స్ గాలికి తెరిచే ఉంటాయి. నలభై రోజులు అలా ఉంటే ఎండక ఏం చేస్తాయి?

"లేదన్నా, ఎప్పుడూ బటన్‌తోనే ఆపుతాను" అన్నారాయన. అందరూ అలాగే అంటారని మనసులో అనుకున్నాను. మూత తీసి హెడ్‌ని చేత్తో కదిపి చూశాను. కదల్లేదు. పార్కింగ్‌లో లాక్ అయి ఉంది. ఆయన చెప్పిందే నిజమనిపించింది. హెడ్ పద్ధతిగా క్యాప్ మీదే కూర్చుని ఉంది, అయినా ఎండింది. అంటే అనుమానం క్యాప్ మీదికి వెళ్లాలి.

క్యాప్ దగ్గర

కార్ట్రిడ్జ్ మార్చే మోడ్‌లో పెడితే ఈ ప్రింటర్‌లో హెడ్ పార్కింగ్ వదిలి బయటికొస్తుంది. అప్పుడు ప్లగ్ తీశాను. (బాగున్న రోజుల్లో చెయ్యకూడదని పైన చెప్పిన పనే ఇది. కాకపోతే అయిదు నిమిషాలకే తప్ప నలభై రోజులకి కాదు.) సిరంజితో క్లీనింగ్ లిక్విడ్‌ని క్యాప్ అంచు దాకా నింపాను. ప్లగ్ పెట్టి, హెడ్‌ని పార్క్ చేయించి, ఒకే ఒక్క మామూలు క్లీనింగ్ నడిపి, మళ్లీ హెడ్‌ని పక్కకి తెచ్చి చూశాను. క్యాప్ ఖాళీ. అంటే పంప్ బాగుంది, ట్యూబ్ పూడుకుపోలేదు.

ఇప్పుడు అసలు పరీక్ష. తెల్ల టిష్యూని మడిచి క్యాప్‌లోని స్పాంజికి మెల్లగా ఆనించాను. క్లీనింగ్ అప్పుడే అయింది కాబట్టి ఎనిమిది రంగులూ కలిసిన నల్లటి మడ్డి రావాలి. వచ్చిందేమో కడిగిన నీళ్లలాంటి పలుచటి బూడిద రంగు. పంప్ లాగుతోంది, ఇంకు మాత్రం దిగట్లేదు. అయితే లాగుతున్నది గాలినే.

టార్చ్‌ని పక్క నుంచి, క్యాప్‌తో సమానంగా పట్టుకున్నాను. పై నుంచి వేస్తే ఏదీ కనిపించదు, నలుపు మీద నలుపే. పక్క నుంచి వేసేసరికి కుడివైపు అంచు మీద చిన్న గట్టులాంటిది నీడ పడింది. ఎండిన ఇంకు. దాన్ని తడిపి మెత్తబడనిచ్చి ఫోమ్ పుల్లతో లాగితే ఇంకుతో పాటు ఒక పోగు కూడా వచ్చింది, కనురెప్ప వెంట్రుకంత. నూలు కాగితం తాలూకు పీచు. ఆయన ఫైన్ ఆర్ట్ ప్రింట్లకి వాడేది కాటన్ ర్యాగ్ కాగితం. అది కొద్దికొద్దిగా పీచు రాలుస్తూనే ఉంటుంది. ఒక పోగు క్యాప్ అంచు మీద పడింది, ఇంకు దాని చుట్టూ గడ్డకట్టింది, రోజురోజుకీ గట్టు పెరిగింది. ఆ గట్టు ఎత్తు మేరకి హెడ్‌కీ క్యాప్‌కీ మధ్య సందు.

ఆ ఒక్క సందే రెండు జబ్బులకీ మూలం. నలభై రోజులు దాంట్లోంచి తడి ఆరిపోయింది, లైట్ మెజెంటా ఎండింది. తర్వాత క్లీనింగ్ కొట్టినప్పుడు అదే సందులోంచి గాలి దూరింది, సయాన్ చెదిరింది.

అంచు చుట్టూ లిక్విడ్ రాసి పది నిమిషాలు వదిలి, ఫోమ్ పుల్లతో తుడిచాను. పిన్నుతో గీకడం, బ్లేడ్ పెట్టడం వద్దే వద్దు. రబ్బరు మీద గీత పడితే క్యాప్ మార్చాల్సిందే. దూది పుల్లలు కూడా నేను వాడను, పీచు తియ్యడానికి వెళ్లి పీచు పెట్టి రావడం అవుతుంది. వైపర్‌ని రెండు పక్కలా తుడిచాను. దాని మీద జామ్ పేరుకున్నట్టు పేరుకుంది. హెడ్ అడుగుని మాత్రం రుద్దలేదు. పీచు రాలని కాగితాన్ని మడిచి, తడిపి, హెడ్ నడిచే దారిలో పరిచి, హెడ్‌ని దాని మీదకి చేత్తో తెచ్చి కాసేపు ఉంచి తీశాను, అంతే.

మళ్లీ ఒక క్లీనింగ్. ఈసారి టిష్యూ మీద చిక్కటి నలుపు. నాజిల్ చెక్‌లో సయాన్ నిండుగా వచ్చింది, పసుపు కూడా. పదకొండు క్లీనింగ్‌లకి రానిది ఒక్కదానికి వచ్చింది.

లైట్ మెజెంటాలో మాత్రం అవే 17.

ఎండిన ఇంకుతో నాలుగు రోజులు

ఇక్కడ ఇంకు గురించి కొంచెం చెప్పాలి. డై ఇంకులో రంగు నీళ్లలో కరిగి ఉంటుంది, టీలో పంచదారలా. ఎండినా నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు, అతి సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో రేణువు చుట్టూ రెజిన్ అనే జిగురులాంటి పదార్థం పూత. ప్రింట్ ఏళ్ల తరబడి వెలవకుండా ఉండటం, కాగితానికి అతుక్కుని ఉండటం వీటి చలవే. ఆ అతుక్కునే గుణమే నాజిల్‌లో ఎండినప్పుడు మనకి శత్రువు. అందుకే పిగ్మెంట్ బ్లాక్‌ని తీసేది బలం కాదు, సమయం. నానాలి.

లిక్విడ్ ఏది? మొదట డిస్టిల్డ్ వాటర్. అది సరిపోకపోతే పిగ్మెంట్ ఇంకుల కోసమే చేసిన క్లీనింగ్ లిక్విడ్. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని లవణాలే రేపు ఇంకో బ్లాక్ అవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలామంది వాడతారు. నేను పిగ్మెంట్ హెడ్‌కి వాడను. కొన్ని ఇంకుల్లో అది రెజిన్‌ని కరిగించే బదులు ముద్ద కట్టిస్తుంది, రబ్బరు భాగాల్ని ఆరబెడుతుంది.

మొదటి రాత్రి క్యాప్‌ని లిక్విడ్‌తో నింపి, హెడ్‌ని దాని మీద పార్క్ చేసి, బటన్‌తో ఆపేసి వెళ్లిపోయాను. పొద్దున ఒక క్లీనింగ్, ఒక చెక్. 17 కాస్తా 11 అయింది. ఆ రోజు ఇంకేం చెయ్యలేదు. రెండో రాత్రి మళ్లీ అదే. పొద్దున 6.

ఈ దశలో అందరి చెయ్యీ సిరంజి వైపు వెళ్తుంది. ఇంకు లోపలికొచ్చే ముక్కుకి ట్యూబ్ తగిలించి లిక్విడ్‌ని ఒత్తితే బ్లాక్ ఎగిరిపోతుందని. ఎగిరిపోతుంది నిజమే, కొన్నిసార్లు హెడ్‌తో సహా. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో నేనే ఒక హెడ్‌ని అలా చంపాను. బొటనవేలితో కొంచెం గట్టిగా నొక్కాను. లోపల ఒక పొర విడిపోయింది. మర్నాటి నుంచి రెండు రంగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం మొదలైంది. ఇంకో ప్రమాదం, ఒలికిన చుక్క హెడ్ రిబ్బన్ కేబుల్ దగ్గరికి చేరితే హెడ్‌తో పాటు మెయిన్ బోర్డు కూడా కాలుతుంది. రంగు మొత్తం మూసుకుపోయి, నానబెట్టి నానబెట్టి విసిగిపోయాక, పోయినా పర్లేదనుకున్నప్పుడే సిరంజి తీస్తాను. ఆరు నాజిల్స్ కోసం తియ్యను.

దానికి బదులు ప్రింట్ చేశాను. క్లీనింగ్ కొడితే ఒక రంగు కోసం ఎనిమిది రంగుల ఇంకూ పోతుంది. అలా కాక, ఆ ఒక్క రంగే ఖర్చయ్యే పేజీ తీస్తే ఇంకు ఆ నాజిల్స్ పక్క నుంచే పారుతూ, ఎండిన దాన్ని తడుపుతూ ఉంటుంది. కొత్త ఇంకుకి మించిన ద్రావకం లేదు, ఎండిపోయింది ఆ ఇంకే కదా. ఇందులో ఒక కిటుకుంది. మామూలు డ్రైవర్‌లో (కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) లైట్ మెజెంటాని విడిగా పిలవలేం. ముదురు గులాబీ పేజీ ఇస్తే డ్రైవర్ మెజెంటానే ఎక్కువ వాడుతుంది. అందుకే బాగా లేత గులాబీ పేజీ ఇవ్వాలి. అలాంటివి అయిదు ఏ4 పేజీలు తీశాను. మొదటి పేజీలో సన్నటి తెల్ల గీతలు కనిపించాయి, అయిదోదాంట్లో వెతికితే గానీ దొరకలేదు. చెక్‌లో 3.

నాలుగో రోజు వాటిని అలాగే వదిలేశాను. వరసగా కొడుతూ పోతే లోపల బుడగలు పుడతాయి. ఊరికే ఉంచితే వాటంతటవే సర్దుకుంటాయి. ఈ పనిలో ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అన్నిటికంటే కష్టం.

ఈ లోపు కింద వేస్ట్ ప్యాడ్ చూశాను. క్లీనింగ్‌లో లాగిన ఇంకంతా వెళ్లి చేరేది దాంట్లోకే. పదకొండు క్లీనింగ్‌ల పుణ్యమా అని ప్యాడ్ తడిసిన పరుపులా బరువెక్కింది. మార్చి, ప్యాడ్ ఎంత నిండిందో లెక్కపెట్టే కౌంటర్‌ని రీసెట్ చేశాను. ప్యాడ్ మార్చకుండా కౌంటర్ ఒక్కటే రీసెట్ చేస్తే ఒక రోజు టేబుల్ మీదికి ఇంకు కారుతుంది. ఆ మచ్చ పోదు.

పై పద్ధతంతా పీజో హెడ్‌కి. ఎప్సన్ లాంటి వాటిలో స్ఫటికం వంగి చుక్కని తోస్తుంది. కెనన్, హెచ్‌పీ థర్మల్ హెడ్‌లలో సన్నటి హీటర్ ఇంకుని మరిగించి చుక్కని బయటికి నెడుతుంది. ఇంకు రాని థర్మల్ నాజిల్స్‌తో పేజీల మీద పేజీలు కొట్టిస్తే చల్లబరిచే ఇంకు లేక హీటర్లు కాలిపోవచ్చు. కాబట్టి అక్కడ ముందు నానబెట్టడం, తర్వాతే ప్రింట్. చాలా మోడళ్లలో ఆ హెడ్ చేతికే ఊడి వస్తుంది కాబట్టి నానబెట్టడం తేలిక, కరెంటు కాంటాక్టులు తడవకుండా చూసుకుంటే చాలు.

వెనక్కి ఇస్తూ చెప్పినవి

ఆయన గదిలో పగలంతా ఏసీ. తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టమన్నాను. మర్నాడు ఫోటో పంపారు, 33 శాతం. 40 నుంచి 60 మధ్య ఉంటే ఇంకుకి హాయి. ప్రింటర్‌ని ఏసీ గాలి నేరుగా తగిలే గోడ నుంచి జరిపించి, పైన కవర్ వేయించాను.

వారానికోసారి ఒక చిన్న ఫోటో తియ్యమన్నాను. ముదురు, లేత అన్ని రంగులూ, కొంచెం బూడిద రంగూ ఉన్న ఫోటో. రోజూ నాజిల్ చెక్ తీస్తే సరిపోదా అని అడిగారు. నాకైతే దాని మీద నమ్మకం లేదు. చెక్‌లో ఒక్కో నాజిల్ గీసేది ఒక చిన్న గీతే. లోపలి ఇంకు కదలదు. చెక్ ఉన్నది చూడటానికి, ఇంకు ఆడించడానికి కాదు.

కాటన్ కాగితాన్ని ట్రేలో పెట్టే ముందు మెత్తటి బ్రష్‌తో రెండుసార్లు దులపాలి. ప్రింటర్‌కి దూరంగా నిలబడి. నెలకోసారి టార్చ్‌ని పక్క నుంచి పట్టి క్యాప్ అంచు చూసుకోవాలి. మళ్లీ నెల పైన ఎటైనా వెళ్తే, వెళ్లే ముందు క్యాప్ తుడిచి, స్పాంజి మీద నాలుగు చుక్కల లిక్విడ్ వేసి, బటన్‌తో ఆపాలి. కార్ట్రిడ్జ్‌లు తీసి దాచొద్దు, అవి తీసిన చోటునుంచే గాలి దూరుతుంది. ఇక నాజిల్ చెక్ కాగితం మీద తేదీ రాసి ఫైల్‌లో పెట్టాలి. అది మాత్రం ఆయన కోసం కాదు, రేపు మళ్లీ వస్తే నా కోసం.

క్లీనింగ్ విషయంలో ఒకే నియమం పెట్టాను. వరసగా రెండు కొట్టాక ఖాళీలు తగ్గకపోతే మూడోది కొట్టొద్దు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఖాళీలు చోటు మారాయా లేదా చూసి ఫోన్ చెయ్యండి.

వారం వాడాక ఆయన పంపిన చెక్‌లో లైట్ మెజెంటాలో 3 ఖాళీల్లో ఒక్కటే మిగిలింది. మూడు నెలల తర్వాత పంపినదాంట్లోనూ ఆ ఒకటి అలాగే ఉంది, పైనుంచి మూడో వరసలో. హై క్వాలిటీ మోడ్‌లో హెడ్ ఒకే చోటు మీదుగా చాలాసార్లు వెళ్తుంది కాబట్టి ఒక నాజిల్ వదిలేసింది పక్క నాజిల్స్ పూరిస్తాయి. ప్రింట్‌ని భూతద్దం పెట్టి వెతికినా నాకు కనిపించలేదు. "దాన్ని కూడా తెరిపిద్దామా అన్నా?" అని అడిగారు. వద్దన్నాను.